పరుగెత్తే ముళ్ళజంతువు

గ్రామఫోను రికార్డు మీది కుక్కను ఎరుగనివారు మన పెద్దలలో అరుదు. గరాటు వంటి కొమ్ము ఎదుట కూర్చుండి, మెడ ఒక ప్రక్కకు వంచి, యజమాని కంఠమును ఆలకించు ఆ కుక్క పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అను ఆంగ్ల చిత్రకారుడు దానిని చిత్రించినాడు. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ చిత్రమును కొన్నది. పెట్టె ఎప్పుడో అటుక ఎక్కినది. కుక్క మాత్రము మన మనస్సులో అట్లే కూర్చున్నది. క్రొత్త యంత్రము ఒకటి ఇంటిలో అడుగు పెట్టవలెనన్న దానికొక ముఖము కావలెను. అది జంతువు ముఖమైనచో పిల్లలు మరింత త్వరగా చేరదీస్తారు.

ఇట్టిదే మరియొక జంతువు 30 ఏండ్లకు పైబడి ప్రపంచములోని పిల్లల నడుమ తిరుగుతున్నది. ఒళ్ళు నీలిరంగు. తల వెనుక వంపు తిరిగిన ముళ్ళు. చేతులకు తెల్లని తొడుగులు, కాళ్ళకు ఎర్రని బూట్లు. పేరు సోనిక్. కరీంనగరులోనైనను, ఆదిలాబాదులోనైనను, చేతిఫోనులో ఆటలాడు పిల్లవానికి దీనిని చూపినచో పేరు చెప్పగలడు. ఇది ఏ జంతువురా అని అడిగినచో మాత్రము తడబడతాడు. ఆ తడబాటును గూర్చి చివర మాట్లాడుకొందము. ముందు ఈ జంతువు పుట్టుక, పెంపకము తెలిసికొనుట మంచిది.

టెలివిజను తెర మీద ఆడు వీడియో ఆటలలో ప్లాట్‌ఫారం ఆటలనునవి ఒక జాతి. మన పిల్లలు వాన వెలిసిన తరువాత ఒక అరుగు మీదినుండి మరియొక అరుగు మీదికి, గట్టు మీదినుండి బండ మీదికి, కాలు తడియకుండ దుముకుతారు. తెరమీది బొమ్మ చేయునదియు ఇదియే. మీట నొక్కినచో దుముకుతుంది. లెక్క తప్పినచో గోతిలో పడుతుంది. ఈ జాతి ఆటలకు ప్రసిద్ధి తెచ్చినది 1981లో జపానులోని నింటెండో సంస్థ విడుదల చేసిన డాంకీ కాంగ్. దానిని రూపొందించినవాడు షిగేరు మియమోటో. ఒక పెద్ద కోతి కట్టడము పైనుండి పీపాలు దొర్లించుచుండగా, క్రిందినుండి ఒక వడ్రంగి వాటిని దాటుచు పైకి పోవలెను. ఆ వడ్రంగియే తరువాత మారియో అయినాడు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటతో నింటెండోకు సాటిలేని పేరు వచ్చినది.

నింటెండోకు పోటీగా నిలువదలచిన మరియొక జపాను సంస్థ సెగా. 1988లో సెగా తన క్రొత్త ఆటయంత్రమును జపానులో విడుదల చేసినది. దాని పేరు మెగా డ్రైవ్. మరుసటి యేట అమెరికాలో అదే యంత్రమును జెనిసిస్ అను పేర అమ్మినారు. యంత్రము బలమైనదే. కాని దానికి ముఖము లేకపోయెను. అప్పటివరకు సెగా తరఫున నిలిచిన బొమ్మ అలెక్స్ కిడ్ అను బాలుడు. పెద్ద చెవులు గల ఆ బాలుడు మారియో ముందు వెలవెలబోయినాడు. మారియోను తలదన్నగల పాత్ర కావలెనని సంస్థ తన చిత్రకారులను, రూపకర్తలను కోరినది.

ఎన్నో బొమ్మలు గీసినారు. చెవులతో వస్తువులను పట్టుకొని విసరు కుందేలు ఒకటి. కుక్క ఒకటి. గుబురుమీసాల పొట్టి ముసలివాడు ఒకడు. ముళ్ళజంతువు ఒకటి. చిత్రకారుడు నవోటో ఓషిమా ఈ బొమ్మలను న్యూయార్కునకు తీసికొనిపోయి, సెంట్రల్ పార్కులో దారిన పోవువారికి చూపి, ఏది నచ్చినదని అడిగినాడట. ఎక్కువమంది ముళ్ళజంతువును చూపినారు. తరువాతి స్థానము మీసాల ముసలివానిది. మొదటివాడు నాయకుడైనాడు, రెండవవాడు ప్రతినాయకుడైనాడు. సెగా ముద్రలోని నీలిరంగునే జంతువునకు పూసినారు. కుందేలును వదలుటకు కారణము తెలిసికొనదగినది. చెవులతో వస్తువును ఎత్తుకొనవలెనన్న పరుగు ఆపవలెను. ముళ్ళజంతువునకు ఆ బాధ లేదు. శరీరమును ఉండవలె చుట్టుకొని దొర్లునప్పుడు అదే దాని ఆయుధము. పరుగును, పోరును ఒకటే అయినవి.

ఇక్కడ మన శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. ముళ్ళున్న జంతువనగానే మనకు తోచునది ఏదుపంది. ఇది అది కాదు. ఏదుపంది పొడవైన ముళ్ళను నిక్కబొడుచుకొని వెనుకకు తిరిగి పొడుస్తుంది, ఉండ చుట్టుకొనదు. సోనిక్‌కు మూలమైన జంతువు అరచేతిలో ఇముడునంతటి చిన్నది. పురుగులను తిని బ్రతుకుతుంది. ఐరోపా తోటలలో సామాన్యముగా కనబడుతుంది. దాని దగ్గరి చుట్టమొకటి దక్షిణ భారతములోని మెట్టభూములలో, ముఖ్యముగా తమిళనాడులో, ఉన్నది. మన ప్రాంతపు అడవిలో ఆపద వచ్చినప్పుడు బంతివలె చుట్టుకొనునది అలుగు. దానికి ముళ్ళు లేవు. ఒంటినిండ పెంకులు ఉన్నవి. తల పొట్టలో దాచుకొని, తోకతో కప్పుకొన్న అలుగును విప్పుట పెద్దపులికి సైతము సులభము కాదు. సోనిక్ విద్య మన అలుగు విద్యయే.

ఇక ఆట నిర్మాణమునకు వత్తము. మెగా డ్రైవ్ తెర అడ్డముగా 320 చుక్కలు, నిలువుగా 224 చుక్కలు. మన ఇంటి ముంగిట ముగ్గు పెట్టునప్పుడు చుక్కలు వరుసగా పెట్టి గీతలు కలుపుతారు గదా! అట్లే ఈ తెరమీది బొమ్మయు చుక్కల కూర్పు. అడ్డముగా 8, నిలువుగా 8 చుక్కలు గల చిన్న పలకను ఒకమారు గీసి దాచుకొని, దానినే పదేపదే పేర్చి కొండ, చెట్టు, నీరు, ఆకాశము కల్పిస్తారు. ఇట్లు పొదుపు చేయుట తప్పనిసరి. ఏలయనగా మొదటి సోనిక్ ఆట మొత్తము, బొమ్మలు, సంగీతము, నియమములు అన్నియు కలిపి, 512 కిలోబైట్ల కేసెట్టులో ఇమిడినవి. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఫొటోకు దీనికి కొన్ని రెట్ల చోటు పట్టును.

చతురపు పలకలతో నేల పరచినచో అది మెట్లు మెట్లుగా మాత్రమే ఉంటుంది. వంపు తిరిగిన నేల మీద బొమ్మను నునుపుగా నడిపించుట అప్పటికి కష్టమైన పని. ఆ చిక్కును విప్పినవాడు యూజీ నాకా అను జపాను ప్రోగ్రామరు. నేల ఏ చోట ఎంత ఎత్తున్నది, ఎంత వాలున్నది అను లెక్కను ముందే వ్రాసిపెట్టి, జంతువు కాలు ఏ చుక్క మీద ఉన్నదో చూచి, దానికి తగినట్లు వేగమును కూడుటయో తీసివేయుటయో చేసినాడు. దీని ఫలమును మన పల్లెలలో సైకిలు చక్రమును కర్రతో దొర్లించిన ప్రతివాడు గ్రహింపగలడు. గుట్ట దిగునప్పుడు చక్రమునకు వేగము దానంతట అదే వస్తుంది. ఎదురుగా గట్టు వచ్చినప్పుడు, దిగినప్పటి వేగము చాలినంత ఉన్నచో ఎక్కుతుంది. లేనిచో సగములో ఆగి వెనుకకు జారుతుంది. సోనిక్‌కును ఇదియే ధర్మము. చాలినంత పరుగు సంపాదించినచో నిలువు గోడ మీదను, గుండ్రని సుడి లోపలను తలక్రిందుగా పరుగెత్తి దాటుతుంది. వేగమును మీట ఇచ్చుట లేదు. వాలు ఇస్తున్నది, ఆడువాడు దానిని నిలుపుకొంటున్నాడు. ఈ ఆట రుచియంతయు ఇందే ఉన్నది.

మజిలీలను కూర్చినవాడు హిరోకజు యసుహారా. సంగీతము డ్రీమ్స్ కమ్ ట్రూ అను జపాను పాటల బృందమునకు చెందిన మసాటో నకమురా సమకూర్చినాడు. ఈ ఆటలో దయగల నియమమొకటి ఉన్నది. దారిపొడవున బంగారు ఉంగరములు తేలుచుండును. వాటిలో ఒక్కటి చేత ఉన్నను, శత్రువు తగిలినప్పుడు ప్రాణము పోదు. ఉంగరములు మాత్రము చెల్లాచెదరగును. త్వరపడినచో కొన్నిటిని మరల ఏరుకొనవచ్చును. 100 కూడబెట్టినచో ఒక ప్రాణము అదనముగా లభించును. తప్పు చేసినవానికి శిక్ష ఉన్నది, మరల లేచుటకు అవకాశమును ఉన్నది. మారియో ఆటలో ఒక్క పొరపాటుతో ప్రాణము పోగొట్టుకొన్న చిన్నపిల్లలకు ఇది పెద్ద ఊరట అయినది. ఇక నీటిలో సోనిక్ ఈదలేడు, మునిగిపోతాడు. ఆ జంతువునకు ఈత రాదని నాకా భావించుటయే దీనికి కారణము. నిజమునకు దానికి ఈత వచ్చును. ఒక మనుష్యుని చిన్న పొరపాటు ఇన్నేండ్లుగా ఆటకు నియమమై నిలిచినది.

1991 జూన్ 23న ఈ ఆట అమెరికాలో విడుదలయినది. జపానులో జూలై 26న. అమెరికాలో సెగా వ్యవహారములు చూచుచున్న టామ్ కలిన్స్కీ యంత్రము వెల తగ్గింపవలెననియు, యంత్రముతోపాటు సోనిక్ ఆటను ఉచితముగా ఇవ్వవలెననియు పట్టుబట్టినాడు. జపానులోని పెద్దలకు ఇది రుచింపలేదు. అయినను అధ్యక్షుడు హయావో నకయామా అతనికి స్వేచ్ఛ ఇచ్చినాడు. ఆ స్వేచ్ఛ ఫలించినది. అంతవరకు అంగడిని ఏలిన నింటెండోకు అమెరికాలో మొదటిసారి గట్టి పోటీ ఎదురయినది.

1992 నవంబరులో వచ్చిన రెండవ ఆటలో ఒక తోడు చేరినది. రెండు తోకల చిన్న నక్క, పేరు టెయిల్స్. చిత్రించినవాడు యసుషి యమగుచి. రెండవ మీటల పెట్టె తగిలించినచో ఈ నక్కను మరియొకరు నడుపవచ్చును. ఇంటిలో అక్క సోనిక్‌ను నడిపించుచుండగా, ఆట రాని తమ్ముడు నక్కను పట్టుకొని వెంట పడవచ్చును. నక్క గోతిలో పడినను ఆట ముగియదు. క్షణములో తోకలు తిప్పుచు ఎగిరి తిరిగి వచ్చును. చిన్నవాడు చెడగొట్టలేడు, అయినను ఆటలో ఉంటాడు. పిల్లలు గల ఇంటిని ఎరిగినవాడు చేసిన ఏర్పాటు ఇది.

మన దేశమునకు మెగా డ్రైవ్ 1994 ప్రాంతములో షా వాలెస్ సంస్థ ద్వారా వచ్చినది. దిగుమతి సుంకము 80 శాతముండిన రోజులవి. యంత్రము వెల 18,000 రూపాయలు. అప్పటి సామాన్య ఉద్యోగి ఇంటికి అది అందని పండు. మన బస్తీలలోని ఇండ్లకు చేరినవి నింటెండో యంత్రమునకు చౌక నకళ్ళు. ఒక్క కేసెట్టులో అనేకమైన ఆటలున్నవని పైన వ్రాసి అమ్మెడివారు. కావున మన పిల్లలు మారియోను ముందు ఎరిగినారు. సోనిక్‌ను చాల ఆలస్యముగా, 2013లో సెగా విడుదల చేసిన సోనిక్ డాష్ వంటి ఫోను ఆటలతో ఎరిగినారు. మరియొక వింత గలదు. అమెరికా, జపాను టెలివిజనులు సెకనునకు 60 మారులు తెరను గీయగా, ఐరోపాలోను, మన దేశములోను అప్పటివి 50 మారులే గీసెడివి. మొదటి సోనిక్ ఆట యంత్రము ఈ తేడాను సరిదిద్దలేదు. ఫలితముగా 50 మారుల తెరల మీద ప్రపంచములోని వేగవంతమైన జంతువు ఆరవవంతు నిదానముగా పరుగెత్తినది, పాటయు సాగదీసినట్లు వినబడినది.

ఎదిగినవానికి ఎదురుదెబ్బలు తప్పవు. 1994లో సెగా సాటర్న్ అను తరువాతి యంత్రమును తెచ్చినది. దాని కొరకు తలపెట్టిన సోనిక్ ఆట చిక్కులలో పడి ఆగిపోయినది. ముఖము లేని యంత్రము మరల ముఖము లేనిదే అయినది. 1998లో వచ్చిన డ్రీమ్‌కాస్ట్ యంత్రము కొరకు సోనిక్ అడ్వెంచర్ వచ్చినది; జంతువు ప్రక్కకు మాత్రమే కాక లోతునకును పరుగెత్తినది. ఆట మెప్పు పొందినది గాని యంత్రము నిలువలేదు. 2001లో సెగా ఆటయంత్రముల తయారీని మానుకొన్నది. ఆ యేడే సోనిక్ తన చిరకాల ప్రత్యర్థియైన నింటెండో యంత్రము మీద కనబడినాడు. 2007లో మారియో, సోనిక్ ఇరువురు ఒకే ఆటలో, ఒలింపిక్ పోటీలలో, ప్రక్క ప్రక్కన నిలిచినారు. ఏ ఇంటిని గెలిపించుటకు పుట్టినాడో ఆ ఇల్లు అమ్ముడుపోయిన తరువాత ప్రక్కయింటి పందిరిలో ఆడుకొన్నట్లయినది. కాని ఆట నిలిచినది.

2006లో తొందరపడి విడుదల చేసిన ఒక సోనిక్ ఆట లోపముల పుట్టయై అపకీర్తి తెచ్చినది. దానికి మందు లోపలినుండి రాలేదు, అభిమానులనుండి వచ్చినది. చిన్ననాడు ఈ ఆటలాడి, పెద్దవాడై, పాత పద్ధతిని తన సొంత కృషితో నేర్చుకొన్న క్రిస్టియన్ వైట్‌హెడ్ మొదలగువారికి సెగా పని అప్పగించినది. 2017లో వారు చేసిన సోనిక్ మానియా మరల ఆ గుట్ట వాలు రుచిని చూపినది. 2019లో సినిమా ప్రకటన చిత్రము చూచినవారు జంతువు రూపము బాగులేదని గగ్గోలు పెట్టగా, నిర్మాతలు విడుదలను వాయిదా వేసి బొమ్మను మార్చి గీయించినారు. 2020లో చిత్రము విజయవంతమయినది. విజ్ఞానశాస్త్రములోను ఈ పేరు చేరినది. పిండములో చేతులు, కాళ్ళు, మెదడు సక్రమముగా ఏర్పడుటకు తోడ్పడు ఒక జన్యువునకు 1990 దశాబ్దపు తొలినాళ్ళలో శాస్త్రజ్ఞులు సోనిక్ అనియే పేరు పెట్టినారు. బిడ్డకు వచ్చిన కష్టమును తల్లిదండ్రులకు వివరించునప్పుడు ఆటబొమ్మ పేరు చెప్పవలసివచ్చుట తమకు ఇబ్బందియని కొందరు వైద్యులు తరువాత వాపోయినారు.

తెలుగునాట ఇట్టి ప్రయత్నము జరుగలేదా? జరిగినది. 2009లో హైదరాబాదులోని ఔరోనా టెక్నాలజీస్ అను సంస్థ ప్లేస్టేషన్ 2 యంత్రము కొరకు హనుమాన్: బాయ్ వారియర్ అను ఆటను తయారు చేసినది, సోనీ సంస్థ ప్రచురించినది. ఆ యంత్రమునకు పూర్తిగా భారతదేశములోనే తయారయిన మొదటి ఆట ఇదియని ప్రసిద్ధి. సముద్రమును లంఘించినవాని కంటె దుముకు ఆటకు తగిన నాయకుడు ఎవడు? కొండగట్టుకు మొక్కు చెల్లింప పోవు మన కరీంనగరు ప్రాంతపు కుటుంబములకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. కాని అక్కడనే చిక్కు వచ్చినది. దేవుని మీటతో ఆడించుట, ఆడువాడు తప్పినప్పుడు దేవుడు ఓడుట భక్తికి తగదని అమెరికాలోని కొందరు హిందువులు ఆటను వెనుకకు తీసికొనవలెనని కోరినారు. వారి మాటలో ఒక నిజమున్నది. ఆటబొమ్మ పడవలెను, మునగవలెను, నవ్వులపాలు కావలెను. అప్పుడే పిల్లవాడు మరల ప్రయత్నిస్తాడు. పూజ గదిలోనివానిని అట్లు చేయుటకు మనకు చేయి రాదు. ముళ్ళజంతువునకు ఆ బరువు లేదు.

అట్లయిన, మనకు బరువు లేని జంతువులు లేవా? నిర్మల కళాకారులు తేలికయైన పొణికి కర్రతో జింకలను, చిలుకలను, నెమళ్ళను తరతరాలుగా చెక్కుతున్నారు. గుడి మండపముల బండలమీద గీతలు గీసి, 3 పులులు, 15 మేకలతో పులిమేక ఆడిన తాతలు మనకు ఉన్నారు. అందులో బలము పులిది, యుక్తి మేకది. ఆ చిన్న నియమములో ఒక మంచి ఆటకు కావలసిన ప్రాణమంతయు ఉన్నది. జపానువారు చేసినది వేరేమియు కాదు. ఒక చిన్న జంతువు నిజముగా చేయు పనిని శ్రద్ధగా చూచినారు. దానిని నియమముగా మార్చినారు.

ఆదిలాబాదు ప్రాంతములోని కవ్వాల అడవి 1965లో అభయారణ్యమయినది, 2012లో పులుల రక్షిత ప్రాంతమయినది. అలుగు అట్టి అడవుల జీవి. చీమలను, చెదలను తిని చేనుకు మేలు చేస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి అత్యున్నత రక్షణ ఇచ్చినది. 2016లో ప్రపంచ దేశములు దాని వ్యాపారమును పూర్తిగా నిషేధింప నిర్ణయించినవి. అయినను పెంకుల కొరకు, మాంసము కొరకు దానిని దొంగచాటుగా చంపుట ఆగలేదు. పులిని ఎదిరించిన ఆ విద్యయే మనుష్యుని ముందు దానికి శత్రువయినది. చుట్టుకొన్న అలుగు పారిపోదు. చేతితో ఎత్తి సంచిలో వేసికొనవచ్చును. ఆటలో సోనిక్ చుట్టుకొన్నప్పుడు గెలుస్తాడు. అడవిలో అలుగు చుట్టుకొన్నప్పుడు పట్టుబడుతున్నది.

పిల్లవాడు ఫోనులో ఆ నీలిజంతువును ఉరికించుచుండగా చూచినప్పుడు పెద్దలు కోపపడుటకు ముందు ఒక ప్రశ్న అడుగవచ్చును: ఇట్లే చుట్టుకొనునది మన అడవిలో ఏదిరా? వానికి తెలియకపోయినచో చెప్పవచ్చును. ఆట కాలమునకు హద్దు పెట్టుట పెద్దల పని, అది పెట్టవలసినదే. కాని ఆ హద్దు లోపల వాడు ఆడుచున్నది శ్రద్ధగల పనివారు చేసిన ఒక వస్తువని తెలిసికొని మాట్లాడినచో మన మాట వాడు వింటాడు. అలుగు పేరు నేర్చిన ఆ పిల్లలలో ఎవరో ఒకరు రేపు మీట నొక్కువారుగా మిగిలిపోక, మన గుట్టల వాలు మీద మన అలుగును దొర్లించువారు కావచ్చును. అంతవరకు అడవిలో అది బ్రతికి ఉండవలెను.